ఏప్రిల్‌లో ఆడనివాడు ఆగస్టులో ఆడతాడా?

2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు బ్యాటర్ హువాన్ సోటోకి 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పటిదాకా ఏ ఆటలోనూ ఎవరికీ అంత పెద్ద కాంట్రాక్టు దక్కలేదు. 2025 సీజన్ మొదలైంది. ఏప్రిల్ పోయింది, మే పోయింది, సోటో బ్యాటింగ్ యావరేజ్ మాత్రం .230 దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. ఆదిలోనే హంసపాదు అనుకున్నారంతా. డబ్బు వచ్చాక కసి పోయిందని కొందరు, కొత్త జట్టులో టెన్షన్ పడుతున్నాడని కొందరు తేల్చేశారు. జూన్‌లో ఆయన 11 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు) కొట్టాడు. సీజన్ ముగిసేసరికి 43 హోమ్ రన్లు, 38 స్టీల్స్ (దొంగచాటుగా తర్వాతి బేస్‌కి, అంటే పరుగు దారిలోని తర్వాతి మజిలీకి, పరిగెత్తడం), 127 వాక్స్ (వీటి సంగతి కింద వస్తుంది). మే నెలలో వినిపించిన విశ్లేషణల ఊసే తర్వాత లేదు.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ చూసేవాళ్లకి ఇది ఏటా జరిగే తంతే. పేర్లు మారతాయి, అంతే. ఏప్రిల్ రెండో వారానికల్లా ఏదో ఒక పెద్ద బ్యాటర్ .150 దగ్గర కనిపిస్తాడు, "వీడి పనైపోయిందా?" అన్న చర్చ మొదలవుతుంది. చాలామంది విషయంలో పనైపోదు. కొందరి విషయంలో నిజంగానే అయిపోతుంది. చిక్కంతా ఏప్రిల్‌లో ఆ ఇద్దరి అంకెలూ ఒకేలా కనిపించడంలో ఉంది.

యావరేజ్ దేన్ని లెక్కపెడుతుంది

క్రికెట్ అలవాటున్నవాళ్లకి మొదటి తికమక ఇక్కడే. మనకి యావరేజ్ అంటే చేసిన పరుగుల్ని ఔటైన సార్లతో భాగించడం. బేస్‌బాల్‌లో ఆ లెక్కకి పరుగులతో పనిలేదు. బ్యాట్ పట్టుకుని ఎన్నిసార్లు నిలబడ్డాడు, వాటిలో ఎన్నిసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరాడు, అంతవరకే. వందసార్లకి 27 హిట్లు పడితే .270. పలికేటప్పుడు "టూ సెవెంటీ" అంటారు.

నిలబడిన ప్రతిసారీ ఆ లెక్కలోకి రాదు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) నాలుగు బంతులు స్ట్రైక్ జోన్‌కి, అంటే కొట్టడానికి వీలైన హద్దుకి, బయట వేసి, బ్యాటర్ వాటిని వదిలేస్తే, అతను నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోతాడు. అది వాక్. జట్టుకి అది లాభమే, కానీ యావరేజ్‌లో కనపడదు. వాక్‌ల వంటివి తీసేయగా మిగిలిన వాటిని ఎట్‌బ్యాట్ అంటారు, అన్నీ కలిపితే ప్లేట్ అపియరెన్స్. సోటో లాంటి బ్యాటర్‌ని ఒక్క యావరేజ్‌తో తూచడం మొదటే తప్పు, ఎందుకంటే అతని విలువలో పెద్ద వాటా ఆ వాక్‌లదే. అయినా టీవీ తెర మీద ముందు కనిపించేది యావరేజే కాబట్టి గొడవంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

.300 కొట్టేవాడు గొప్ప బ్యాటర్, అంటే పదింట ఏడుసార్లు ఔటయ్యేవాడు. లీగ్ మొత్తం సగటు ఈమధ్య ఏళ్లలో .240కీ .250కీ మధ్య ఉంటోంది. .200 కిందకి జారితే "మెండోజా లైన్ కింద ఉన్నాడు" అంటారు. 1970ల్లో షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌గా) ఆడిన మారియో మెండోజా పేరు మీద వచ్చిన మాట అది. పాపం ఆయన కెరీర్ యావరేజ్ .215, తన పేరు పెట్టిన గీతకి పైనే ఉన్నాడు.

సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివరిదాకా నడుస్తుంది. జట్టుకి 162 మ్యాచ్‌లు. రోజూ ఆడే బ్యాటర్‌కి ఏడాదికి సుమారు 550 ఎట్‌బ్యాట్‌లు, ఏప్రిల్ ముగిసేసరికి తొంభై, వంద. ఈ తొంభై అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి.

తొంభై ఎట్‌బ్యాట్‌ల మీద తీర్పు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. నిజమే, గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి. ఎట్‌బ్యాట్‌లు అలా ఉండవు. పిచ్చర్ మారతాడు, మైదానం మారుతుంది, గాలి మారుతుంది, ఎదుటి ఫీల్డర్ రెండడుగులు ఎడమకి నిలబడతాడు. పైగా అన్నిటిలోనూ అదృష్టం పాలు ఉంటుంది.

ఒక ఊహాజనిత బ్యాటర్‌ని తీసుకుందాం. అతని అసలు సత్తా .270 అని మనకి ముందే తెలుసనుకుందాం. ఏ ఎట్‌బ్యాట్‌లోనైనా హిట్ పడే అవకాశం 27 శాతం, ఏడాది పొడుగునా అంతే. గాయం లేదు, టెన్షన్ లేదు, చలి లేదు. ఏప్రిల్‌లో 90 ఎట్‌బ్యాట్‌లు ఆడితే సగటున 24 హిట్లు పడాలి. కానీ నాణెం వందసార్లు ఎగరేస్తే సరిగ్గా యాభైసార్లు బొమ్మ పడదు కదా. మామూలు సంభావ్యత లెక్క కడితే, ఈ 24 అన్నది రెండువైపులా నాలుగేసి హిట్లు అటూ ఇటూ ఊగడం పూర్తిగా సహజం. అంటే అదే మనిషి, అదే సత్తా, ఏప్రిల్ 30న .222 దగ్గర ఉండొచ్చు, .311 దగ్గరా ఉండొచ్చు. మూడింట రెండు వంతులసార్లు ఈ రెంటి మధ్య ఎక్కడో తేలతాడు. మిగతా ఒక వంతులో అంతకంటే దూరం పోతాడు.

.200 కంటే కిందకి పడే అవకాశం? సుమారు ఇరవైలో ఒకటి. చూడ్డానికి చిన్నదే. అయితే లీగ్‌లో 30 జట్లు, జట్టుకి తొమ్మిదిమంది బ్యాటర్లు, మొత్తం 270 మంది. అందరూ కచ్చితంగా .270 సత్తా ఉన్నవాళ్లే అనుకున్నా, వాళ్లలో పదమూడు, పద్నాలుగు మంది ఏ కారణమూ లేకుండానే ఏప్రిల్ చివరికి మెండోజా లైన్ కింద ఉంటారు. నిజానికి అందరి సత్తా .270 ఉండదు కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దది. ప్రతి ఏప్రిల్‌లోనూ డజనుమందికి పైగా మంచి బ్యాటర్లు "స్లంప్‌లో" (వరసగా ఆడలేని దశలో) ఉండటం, ఒక్కొక్కరికీ ఒక్కో కథ అల్లుకోవడం ఈ లెక్క నుంచే వస్తుంది. ఒకడు కొత్త తండ్రి కాబట్టి నిద్ర చాలట్లేదు, ఒకడు బ్యాట్ మార్చాడు, ఒకడికి కాంట్రాక్టు చివరి ఏడాది. కథలు అబద్ధం కాకపోవచ్చు. కానీ అదే కొత్త తండ్రి .311 కొట్టి ఉంటే ఆ నిద్రలేమి గురించి ఎవరూ అడిగి ఉండరు.

అదే తడబాటు జూలైలో వస్తే? అప్పటికి 300 ఎట్‌బ్యాట్‌లు వెనక ఉంటాయి. వాటిమీద .280 ఉన్నవాడు తర్వాతి ముప్ఫైలో మూడే హిట్లు కొట్టినా స్కోర్‌బోర్డు మీద .264 కనిపిస్తుంది, ఎవరూ గమనించరు. ఏప్రిల్‌లో అదే ముప్ఫైకి మూడు తెర మీద .100 అని వెలుగుతుంది. ఏప్రిల్ స్లంప్ మిగతా నెలల స్లంప్ కంటే పెద్దదేం కాదు, దాచుకోవడానికి దానికి చాటు లేదు.

ఇకమీదట ఎంత కొడతాడని అనుకోవాలి

అదంతా అదృష్టమే అని చెయ్యి దులుపుకోవడమూ సరికాదు. కొత్త సమాచారం కొంత వచ్చింది, దానికి కొంత బరువివ్వాలి. ఎంత అన్నదే ప్రశ్న.

మన బ్యాటర్ గత మూడేళ్లలో 1,500 ఎట్‌బ్యాట్‌లలో 405 హిట్లు కొట్టాడనుకుందాం, అంటే .270. ఈ ఏప్రిల్‌లో 90కి 16, అంటే .178. రెండూ కలిపితే 1,590కి 421, సుమారు .265. ఇటీవలిది కాబట్టి ఏప్రిల్‌కి రెట్టింపు బరువిద్దామంటే .260. అంటే ఇంత ఘోరమైన నెల చూశాక కూడా అతని సత్తా మీద మన అంచనా కదలాల్సింది అయిదు నుంచి పది పాయింట్లే. జట్లూ విశ్లేషకులూ వాడే అంచనా పద్ధతులు ఇంతకంటే చాలా సంక్లిష్టంగా ఉంటాయి గానీ, వాటన్నిటి లోపలా నడిచే తర్కం ఇదే. టామ్ టాంగో అనే విశ్లేషకుడు రూపొందించిన మార్సెల్ అనే బాగా సాదాసీదా పద్ధతి గత మూడు సీజన్లకి 5, 4, 3 చొప్పున బరువులిచ్చి, దానికి లీగ్ సగటుని కొంత కలుపుతుంది. అంతే.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. "అతను .270 బ్యాటర్, ఏప్రిల్‌లో .178 కొట్టాడు, కాబట్టి ఇకమీద .290 కొట్టి లెక్క సరిచేస్తాడు" అంటారు. బంతికి ఆ బాకీ గుర్తుండదు. ఇకమీద అతను .270 కొడతాడని ఆశించవచ్చు. మిగిలిన 460 ఎట్‌బ్యాట్‌లలో 124 హిట్లు పడతాయి, మొదటి 16 కలిపితే 550కి 140, అంటే .255. ఏప్రిల్‌లో పోయిన హిట్లు పోయినట్టే. సగటు వైపు మళ్లడం అంటే ముందుకి మామూలుగా ఆడటం, వెనకటి నష్టం పూడ్చడం కాదు.

చలి, గాలి, చేతుల మంట

అయితే ఏప్రిల్ కేవలం ఒక చిన్న శాంపిల్ మాత్రమే కాదు. ఆ నెలకి తనదైన వాతావరణం ఉంది. బాస్టన్, షికాగో, డెట్రాయిట్, మినియాపోలిస్‌లలో ఏప్రిల్ రాత్రి మ్యాచ్ అంటే బ్యాటర్లు మెడదాకా కప్పుకుని, డగౌట్‌లో హీటర్ల దగ్గర చేతులు కాచుకుని క్రీజులోకి రావడమే. అమెరికా వెళ్లిన మనవాళ్లు "ఎండాకాలం ఆట కదా" అని పల్చటి చొక్కాతో స్టేడియానికి పోయి, రెండో ఇన్నింగ్స్‌కే జట్టు లోగో ఉన్న స్వెట్టర్ మూడింతల ధర పెట్టి కొనుక్కునేది ఈ నెలలోనే.

చల్లటి గాలి వెచ్చటి గాలి కంటే బరువు, అందులో బంతి దూరం పోదు. నాలుగొందల అడుగులు పోయే దెబ్బకి ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కీ సుమారు మూడడుగుల తేడా వస్తుంది. ఆగస్టులో 85 డిగ్రీల దగ్గర కంచె దాటే బంతి, ఏప్రిల్‌లో 45 డిగ్రీల దగ్గర పన్నెండడుగుల ముందే గోడ కింద ఫీల్డర్ గ్లవ్‌లో పడుతుంది. మనిషి మారలేదు, స్వింగ్ మారలేదు, హోమ్ రన్ ఔటైంది.

దానికి చేతుల బాధ తోడు. బ్యాట్‌లో బంతి తగలాల్సిన చోట తగిలితే చేతికి ఏమీ తెలియదు. పిచ్చర్ లోపలివైపు వేసిన ఫాస్ట్‌బాల్ బ్యాట్ పిడికి దగ్గరగా తగిలిందంటే, చలిలో బొటనవేలి మూలం నుంచి మోచేతిదాకా జివ్వుమంటుంది. ఒకసారి అలా తగిలినవాడు తర్వాతి లోపలి బంతికి అరక్షణం తటపటాయించడం మానవ సహజం. ఆ అరక్షణం అతని దగ్గర లేదు. గంటకి 95 మైళ్ల బంతి, అంటే మన లెక్కలో 150 కిలోమీటర్ల పైమాట, చేతిలోంచి వదిలాక సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. స్వింగ్‌కే అందులో 0.15 సెకన్లు పోతాయి. చూసి నిర్ణయించుకోవడానికి మిగిలింది పావు సెకను.

టైమింగ్ గురించిన పాత వాదం ఒకటి కూడా ఇక్కడే వస్తుంది. ఫ్లోరిడా, అరిజోనాల్లో ఫిబ్రవరి నుంచి జరిగే స్ప్రింగ్ ట్రెయినింగ్‌లో పిచ్చర్లు తొందరగా సిద్ధమవుతారని, బ్యాటర్ల కంటికీ చేతికీ పొత్తు కుదరడానికి ఇంకొన్ని వారాలు పడుతుందని కోచ్‌లు తరతరాలుగా చెబుతున్నారు. చలిలో పిచ్చర్‌కి కూడా బంతి పట్టు దొరకదు, కర్వ్ సరిగ్గా తిరగదు అన్నది ఎదురువాదం. లీగ్ మొత్తం అంకెలు చూస్తే బ్యాటర్ల నష్టమే ఎక్కువ అనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో లీగ్ యావరేజ్ .231, సీజన్ మొత్తానికి .243. అయితే ఆ ఏడాది అన్నీ కలిసొచ్చాయి. యజమానుల లాకౌట్ 99 రోజులు నడిచి మార్చి 10న ముగిసింది, స్ప్రింగ్ ట్రెయినింగ్ కుదించుకుపోయింది. 30 స్టేడియాల్లోనూ బంతుల్ని తేమ సరిచూసే హ్యుమిడార్‌లలో పెట్టడం అదే ఏడాది మొదలైంది. ఏప్రిల్‌లో జట్లకి అదనంగా ఆటగాళ్లని ఉంచుకోనిచ్చారు, ఆ ఖాళీల్లోకి ఎక్కువగా పిచ్చర్లే వచ్చారు. ఎంత వాటా చలిది, ఎంత వాటా మిగతావాటిది అని విడదీయడం తేలిక కాదు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవచ్చు. ఏప్రిల్‌లో అందరూ కాస్త తక్కువే కొడతారు కాబట్టి, ఒక బ్యాటర్ ఏప్రిల్ అంకెని అతని కెరీర్ అంకెతో కాక ఆ ఏప్రిల్‌లో లీగ్ అంకెతో పోల్చడం న్యాయం. 2022 ఏప్రిల్‌లో .225 కొట్టినవాడు సగటు మనిషే.

ఏ అంకె ముందు మాట్లాడుతుంది

బ్యాట్ నుంచి బంతి వెళ్లాక బ్యాటర్ చేతిలో ఏమీ ఉండదు. గంటకి 105 మైళ్ల వేగంతో దూసుకుపోయిన దెబ్బ నేరుగా షార్ట్‌స్టాప్ చేతిలో పడితే ఔట్. డగౌట్ భాషలో దాన్ని "ఎట్ ఎమ్ బాల్" అంటారు, కొట్టిందంతా ఫీల్డర్ మీదకే పోయిందని వెటకారం. బ్యాట్ అంచుకి తగిలి, బద్ధకంగా ఎగిరి, ముగ్గురు ఫీల్డర్ల మధ్య ఖాళీలో రాలిన బంతి మాత్రం హిట్. యావరేజ్‌కి ఈ రెంటి తేడా తెలియదు.

అందుకే విశ్లేషకులు యావరేజ్‌ని ముక్కలు చేసి చూస్తారు. హోమ్ రన్లు, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి ఔటవడం) తీసేసి, మైదానం లోపల ఆడిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో చెప్పే అంకెని బాబిప్ అంటారు. లీగ్ మొత్తానికి అది .290, .300 మధ్య ఉంటుంది. ఏప్రిల్‌లో ఒకడి బాబిప్ .180 ఉందంటే అతని బంతులు ఫీల్డర్లని వెతుక్కుంటూ పోతున్నాయని మొదటి అనుమానం. 2015 నుంచి అన్ని స్టేడియాల్లోనూ ఉన్న స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ప్రతి దెబ్బ వేగాన్నీ కోణాన్నీ కొలుస్తుంది. అలాంటి దెబ్బలు మామూలుగా ఎన్నిసార్లు హిట్లవుతాయో చూసి "ఎక్స్‌పెక్టెడ్" యావరేజ్ ఒకటి ఇస్తుంది. పడిన యావరేజ్ .170, పడాల్సినది .260 అంటే ఓపిక పట్టొచ్చు. రెండూ .170 అంటే కంగారుపడటానికి కొంత ఆధారం ఉంది.

అన్ని అంకెలూ ఒకే వేగంతో నిలకడకి రావు. రసెల్ కార్ల్‌టన్ అనే విశ్లేషకుడు చేసిన లెక్క ఇప్పటికీ తరచూ ప్రస్తావనకి వస్తుంది. స్ట్రైకౌట్ల శాతం సుమారు 60 ప్లేట్ అపియరెన్స్‌లకే ఎంతో కొంత నమ్మదగ్గ స్థితికి వస్తుంది. వాక్‌ల శాతానికి 120, హోమ్ రన్ల శాతానికి 170 కావాలి. బ్యాటింగ్ యావరేజ్‌కి 910 ఎట్‌బ్యాట్‌లు, అంటే ఒకటిన్నర సీజన్ పైనే. జనం అందరికంటే ముందు చూసే అంకె అందరికంటే ఆలస్యంగా నోరు విప్పుతుందన్నమాట.

ఈ అంకెల్ని కూడా అతిగా వాడేవాళ్లున్నారు. "60 దాటింది, ఇక స్ట్రైకౌట్ల శాతం ఫిక్స్" అనుకోకూడదు. ఆ మజిలీ దగ్గర కనిపించేదాంట్లో సుమారు సగం సత్తా, సగం ఊగిసలాట అని మాత్రమే దాని భావం. సగం ఇంకా ఊగిసలాటే.

"వాడు ప్రతి ఏడూ ఇంతే"

కొందరికి స్లో స్టార్టర్ అని ముద్ర పడుతుంది. అందరికంటే పేరుమోసిన ఉదాహరణ మార్క్ టెషేరా. 2009లో న్యూయార్క్ యాంకీస్‌కి వచ్చాక మొదటి ఏప్రిల్‌లో .200. సీజన్ చివరికి .292, 39 హోమ్ రన్లు, ఎమ్‌వీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) ఓట్లలో రెండో స్థానం. 2010 ఏప్రిల్‌లో ఇంకా ఘోరం, .136. అయినా చివరికి 33 హోమ్ రన్లు. కెరీర్ యావరేజ్ .268 ఉన్న మనిషి ఏప్రిల్ అంకెలు చాలా ఏళ్లు దానికి బాగా కిందే ఉన్నాయి. ఇంకో బ్యాటర్ ఆడమ్ లరోష్‌కీ అదే పేరు.

నమ్మేవాళ్ల వాదం తీసిపారేసేది కాదు. భారీకాయులు, పొడవైన స్వింగ్ ఉన్నవాళ్లు టైమింగ్ దొరకబుచ్చుకోవడానికి ఎక్కువ ఎట్‌బ్యాట్‌లు తీసుకుంటారని, రెండువైపులా బ్యాటింగ్ చేసే టెషేరా లాంటివాడు రెండు స్వింగ్‌లు సరిచేసుకోవాలని అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

నమ్మనివాళ్లు వేసే ప్రశ్న వేరు. లీగ్‌లో పదేళ్లు ఆడినవాళ్లు వందలమంది ఉంటారు. ఒక్కొక్కరికీ పది ఏప్రిళ్లు. అందరి ఏప్రిళ్లనీ అదృష్టానికే వదిలేసినా, కొందరికి ఏడెనిమిది చెడ్డవే పడతాయి. ఆ కొందరిని ఏరి, "చూశారా, స్లో స్టార్టర్లు ఉన్నారు" అంటే రుజువైనట్టు కాదు. ముద్ర పడ్డాక వచ్చిన ఏప్రిళ్లు కూడా చెడ్డవైతేనే అది గుణం. టెషేరా 2009 తర్వాత 2010 చూస్తే గుణమే అనిపిస్తుంది. కానీ ఆ ముద్ర మోసినవాళ్లందరికీ తర్వాతి ఏడు అలా జరగదు, జరగనప్పుడు మనం గుర్తుపెట్టుకోం. నా మొగ్గు రెండోవాళ్ల వైపే. టెషేరా లాంటి ఒకరిద్దర్ని మినహాయిస్తే, ఈ ముద్ర భవిష్యత్తు గురించి చెప్పేది బహు తక్కువ.

ముద్ర తిరగబడ్డ కథ ఒకటి. 2006లో డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు క్రిస్ షెల్టన్ మొదటి 13 మ్యాచ్‌లలో 9 హోమ్ రన్లు బాదాడు, ఏప్రిల్ ముగిసేసరికి 10. జూలై 31న అతన్ని మైనర్ లీగ్‌కి, అంటే కింది స్థాయి ఆటకి, పంపేశారు. ఆ ఏడాది మొత్తం 16 హోమ్ రన్లే. చెడ్డ ఏప్రిల్‌ని నమ్మొద్దంటే తలూపేవాళ్లు, మంచి ఏప్రిల్‌ని నమ్మొద్దంటే ఒప్పుకోరు.

ఓర్టీజ్, డేవిస్

బాస్టన్ రెడ్ సాక్స్ పెద్ద దిక్కు డేవిడ్ ఓర్టీజ్‌కి 2009లో 33 ఏళ్లు. మొదటి హోమ్ రన్ మే 20 దాకా పడలేదు. మే చివరికి .185, అదే ఒక్క హోమ్ రన్. వయసు మీద పడింది, బ్యాట్ నెమ్మదించింది అని తీర్పులొచ్చాయి. జూన్ నుంచి ఇంకో 27 కొట్టాడు. 2010 ఏప్రిల్‌లో మళ్లీ అదే సినిమా: .143, ఒక్క హోమ్ రన్. ఈసారి వయసు 34, తీర్పుల్లో గొంతు ఇంకా పెరిగింది. మే నెలకి అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఉత్తమ ఆటగాడు అతనే. సీజన్ చివరికి .270, 32 హోమ్ రన్లు, 102 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు). ఇంకో ఆరేళ్లు ఆడి, 2016లో నలభయ్యో ఏట .315తో, 38 హోమ్ రన్లతో తప్పుకున్నాడు.

బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు క్రిస్ డేవిస్ 2013లో 53 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో మొదటివాడు, 2015లో 47. ఆ తర్వాత ఏడేళ్లకి 16.1 కోట్ల డాలర్ల ఒప్పందం. 2019 సీజన్‌ని అతను 33 ఎట్‌బ్యాట్‌లకి సున్నా హిట్లతో మొదలుపెట్టాడు. అంతకుముందు ఏడాది చివర్లో 21కి సున్నా. మొత్తం 54 ఎట్‌బ్యాట్‌లలో ఒక్క హిట్ లేదు. పిచ్చర్లని మినహాయిస్తే అప్పటిదాకా రికార్డు యూజీనియో వెలెజ్ 46. చివరికి ఏప్రిల్ 13న బాస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో రిక్ పోర్సెలో బంతికి సింగిల్ పడింది. ఎదుటివాళ్ల ఊళ్లోనే చప్పట్లు మోగాయి.

డేవిస్ కోలుకోలేదు. 2019ని .179తో ముగించాడు, 2021లో రిటైరయ్యాడు.

రెండు ఏప్రిళ్లు పక్కపక్కన పెడితే ఆ నెల అంకెల్లోంచి తేడా పట్టుకోవడం కష్టం. తేడా ఏప్రిల్‌కి ముందు ఉంది. ఓర్టీజ్ 2010 ఏప్రిల్ వెనక, 2009 జూన్ నుంచి కొట్టిన 27 హోమ్ రన్లున్నాయి. డేవిస్ 2019 ఏప్రిల్ వెనక, .168 యావరేజ్‌తో 192 స్ట్రైకౌట్లతో గడిచిన పూర్తి 2018 సీజన్ ఉంది. సరిపడా ఎట్‌బ్యాట్‌లు ఆడినవాళ్లలో అది చరిత్రలోనే కనిష్ఠం. పైన కట్టిన లెక్కలోకి తెస్తే, డేవిస్‌కి కలపాల్సింది .270 గతం కాదు, ఇంకో .168. అతనిది చెడ్డ ఆరంభం కాదు, అప్పటికే ఏడాదిగా నడుస్తున్న పతనం. ఆ సున్నాల వరస మాత్రం జాతీయ వార్త అయింది, 2018 అంతా బాల్టిమోర్ అభిమానుల సొంత బాధగా ఉండిపోయింది.

ప్రార్థనలు, చప్పట్లు

స్లంప్‌లో ఉన్నవాడిని జనం ఏం చేయాలి? న్యూయార్క్‌లో మామూలుగా తిడతారు. 2004 ఏప్రిల్‌లో యాంకీస్ కెప్టెన్ డెరెక్ జీటర్ అంతటివాడికి 32 ఎట్‌బ్యాట్‌ల దాకా హిట్ లేకపోతే యాంకీ స్టేడియం వెక్కిరించింది. ఆయన ఏప్రిల్ 29న బ్యారీ జీటో బంతిని హోమ్ రన్ కొట్టి ఆ వరస తెంచాడు, .292తో సీజన్ ముగించాడు.

బ్రూక్లిన్ దారి వేరు. బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాడు గిల్ హాడ్జెస్ 1952 వరల్డ్ సిరీస్‌లో (సీజన్ చివరి టైటిల్ పోరులో) 21 ఎట్‌బ్యాట్‌లకి ఒక్క హిట్ కొట్టలేదు. 1953 మే మధ్యకి యావరేజ్ .187. ఒక ఆదివారం హెర్బర్ట్ రెడ్మండ్ అనే క్యాథలిక్ ఫాదర్, ఎండ ఎక్కువగా ఉంది, ప్రసంగం వద్దు, ఇంటికెళ్లి హాడ్జెస్ కోసం ప్రార్థించండని భక్తులకి చెప్పాడు. హాడ్జెస్ .302, 31 హోమ్ రన్లు, 122 ఆర్‌బీఐలతో ఆ ఏడాది ముగించాడు.

2023 ఆగస్టులో ఫిలడెల్ఫియా అభిమానులు, 11 ఏళ్లకి 30 కోట్ల డాలర్లు తీసుకుని .235 దగ్గర తంటాలు పడుతున్న ట్రే టర్నర్‌కి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్కణ్నుంచి అతను ఇరగదీశాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మెట్స్ అభిమానులు ఫ్రాన్సిస్కో లిండోర్‌కి అదే మర్యాద చేశారు. అతనూ పుంజుకున్నాడు, 33 హోమ్ రన్లు కొట్టి ఎమ్‌వీపీ ఓట్లలో డాడ్జర్స్ స్టార్ షోహేయి ఓటానీ తర్వాత రెండోవాడయ్యాడు.

చప్పట్లు పనిచేశాయా? టర్నర్ తనకది నిజంగా ఉపయోగపడిందనే చెప్పాడు, కాదనడానికి మనమెవరం. కానీ చప్పట్లు ఎప్పుడు కొడతారో గమనించండి. మంచి ఆటగాడు అట్టడుగున ఉన్నప్పుడే. అక్కణ్నుంచి ఏం చేసినా, ఏం చేయకపోయినా, ఎక్కువసార్లు పైకే పోతాడు. తిట్టినా అంతే, జీటర్ సాక్షి.

ఓపికకి ఎంత ఖర్చు

మేనేజర్‌కి ఇది లెక్కల పాఠం కాదు, రేపటి మ్యాచ్‌కి పేర్లు రాసే పని. 1951 మే చివర్లో న్యూయార్క్ జయంట్స్‌కి వచ్చిన ఇరవయ్యేళ్ల విల్లీ మేస్ మొదటి 12 ఎట్‌బ్యాట్‌లలో సున్నా, తర్వాత వారెన్ స్పాన్ బంతికి హోమ్ రన్, మళ్లీ సున్నాలు. నన్ను వెనక్కి పంపేయమని ఆ కుర్రాడే మేనేజర్ లియో డ్యూరోషర్‌ని బతిమాలాడు. డ్యూరోషర్ ఒప్పుకోలేదు. .274, 20 హోమ్ రన్లు, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే.

ఓరియోల్స్ 2024 ఏప్రిల్‌లో ఇరవయ్యేళ్ల జాక్సన్ హాలిడేని పైకి తెచ్చి, పది మ్యాచ్‌లకే మైనర్స్‌కి పంపేశారు. 34 ఎట్‌బ్యాట్‌లకి రెండే హిట్లు. మేస్ కథ తెలిసినవాళ్లు తొందరపడ్డారన్నారు. కానీ ఆ 34లో 18 స్ట్రైకౌట్లున్నాయి. రెండు హిట్లు దురదృష్టం కావచ్చు, సగానికి పైగా ఎట్‌బ్యాట్‌లలో ఫీల్డర్ల దాకా బంతే పోకపోవడాన్ని దురదృష్టం ఖాతాలో వేయడం కష్టం. పైగా ముందుగా నోరు విప్పే అంకె అదే. జూలై 31న హాలిడే తిరిగొచ్చాడు, అతని మొదటి హోమ్ రన్ గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల మీదా మనవాళ్లుండగా కొట్టిన హోమ్ రన్). అయినా 2024ని అతను ముగించింది .189 దగ్గరే.